అడవిలో పెట్టిన కెమెరాలో అన్న తమ్ముడు

పేరు, ఊరు బయటపెట్టొద్దన్న షరతుతో ములుగు జిల్లా నుంచి ఒక పరిశోధక విద్యార్థిని ఏడు పేజీల ఉత్తరం రాశారు. ఆమెను గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చి, ముఖ్యమైన సంగతి ఇక్కడ ఇస్తున్నాను.

ఆమెకు 29 ఏళ్లు. సొంతూరు హన్మకొండ. నాన్న రిటైర్డ్ టీచర్. పీహెచ్‌డీలో ఇది నాలుగో ఏడు. మొదట వేరే అంశం మీద పని మొదలుపెట్టారు. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో పెనుగాలికి వేల చెట్లు ఒక్క పూటలో నేలకూలిన తర్వాత, గైడును ఒప్పించి అంశం మార్చుకున్నారు. చెట్లు పోయి వెలుతురు నేల దాకా పడ్డ జాగాల్లో కొత్తగా గడ్డి, పొదలు వస్తుంటే దుప్పులు, కణుజులు (సాంబర్ జింకలు), కొండగొర్రెలు అక్కడికి ఏ వేళల్లో వస్తున్నాయి, పక్కనే నిలిచి ఉన్న అడవిని ఎంతగా వాడుకుంటున్నాయి అన్నది ఆమె ప్రశ్న. అది అభయారణ్యం కాబట్టి దానికోసం అటవీ శాఖ అనుమతితో ఇరవై నాలుగు చోట్ల కెమెరాలు పెట్టారు. తోడుగా ఒక కోయ గూడెం నుంచి ఒకాయన రోజు కూలీకి వస్తారు. ఆమె ఆయన్ని అన్న అంటారు. రెండేళ్లుగా మధ్యాహ్నం భోజనం చాలా రోజులు వాళ్లింట్లోనే. జ్వరమొచ్చి పడుకున్నప్పుడు అన్న తల్లి మూడు రాత్రులు పక్కన కూర్చుని అంబలి తాగించిందట.

పన్నెండు రోజుల కింద ఒక కెమెరా మెమరీ కార్డును ల్యాప్‌టాప్‌లో పెట్టి చూస్తుంటే వరుసగా మూడు ఫొటోలు కనిపించాయి. రాత్రి 3 గంటల 12 నిమిషాలు. మొదటి దాంట్లో ఒక మనిషి వీపు, భుజానికి బైండింగ్ వైరు చుట్ట. రెండో దాంట్లో చంకలో చెక్కిన కర్రమేకుల కట్ట. మూడో దాంట్లో అతను కెమెరా వైపు తిరిగాడు. కళ్లు తెల్లగా మెరుస్తున్నాయి, ముఖం స్పష్టంగా ఉంది. అతను అన్న సొంత తమ్ముడు.

గైడుకు ఫోన్ చేస్తే, "ఆ మూడూ చెరిపేసి చాప్టర్లు రాసుకో, గొడవల్లో తలదూర్చకు" అన్నారు. ఇంకో యూనివర్సిటీలో చదివే స్నేహితురాలు, "చెప్పకపోతే నువ్వూ ఆ నేరంలో భాగమే" అంది. నాన్నకు విషయం సగమే చెబితే, అన్నీ వదిలేసి ఇంటికి రమ్మన్నారు, సంబంధాలు చూస్తామన్నారు. అనుమతి పత్రం ప్రకారం మూడు నెలలకోసారి డేటా అటవీ శాఖ రేంజ్ ఆఫీసులో ఇవ్వాలి, ఈసారి గడువుకు ఇక పది రోజులే ఉంది. అన్నకు ఇంకా ఏమీ చెప్పలేదు. ఆయన పొద్దున్నే వచ్చి పిలిస్తే తలనొప్పి అని గదిలోనే ఉండిపోతున్నారు. "చెబితే నాకు అన్నం పెట్టిన ఇంటికి ద్రోహం, చెప్పకపోతే నేను చదివిన చదువుకు ద్రోహం. నా నాలుగేళ్ల పని ఏం కావాలి? నేనేం చేయాలి?" అన్నది ఆమె ప్రశ్న.

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి మీ అవస్థ చూసి మనసు కలుక్కుమంది. రెండోసారి చదివినప్పుడు భయమేసింది. డేటా అన్న మాట మీ ఉత్తరంలో పదిహేను సార్లకు పైగా ఉంది. ఆ వైరు చుట్ట గురించి ఒక్క వాక్యమే ఉంది. పన్నెండు రోజుల కింద మీరు చూసిన ఫొటోలో అది అతని భుజం మీద ఉంది. ఇప్పుడు ఎక్కడుంది?

మా చిన్నమ్మ కొడుకు భూపాలపల్లి దగ్గర ఒక పల్లెలో వ్యవసాయం చేసేవాడు. తెల్లారుజామున పొలానికి నీళ్లు పెట్టడానికి పోయి, పందుల కోసం ఎవరో కట్టిన కరెంటు తీగ తగిలి చనిపోయాడు. ముప్పై నాలుగేళ్లు. మేం పోయేసరికి గట్టు మీద చెప్పు ఒకటే ఉంది, గడ్డిలో పడ్డ టార్చిలైటు ఇంకా వెలుగుతోంది. పట్టపగలు ఆ చిన్న వెలుగు కనిపించింది నాకు. దాన్ని ఆర్పడానికి ఎవరికీ చేతులు రాలేదు. తీగ కట్టినవాళ్లు ఆ ఊరివాళ్లే. మనిషిని చంపాలని కట్టలేదు. శవం దగ్గర కూర్చుని ఏడ్చినవాళ్లలో వాళ్లూ ఉన్నారు. అందుకే మీరు అడిగిన ప్రశ్న కంటే ముందు, అడగని దానికి జవాబు చెబుతున్నాను.

బైండింగ్ వైరు, కర్రమేకులు కలిసి కనిపిస్తే మన వైపు దాని అర్థం ఏమిటో రెండేళ్లు అడవిలో తిరిగిన మీకు నేను చెప్పక్కర్లేదు. మేకులు పాతి, మోకాలెత్తున తీగ లాగి, అడవి పక్కనుంచి పోయే లెవెన్ కేవీ కరెంటు లైనుకు కొండీ తగిలిస్తారు. తీగకు పంది అని, దుప్పి అని, ఎలుగుబంటి అని తేడా తెలియదు. మేతకు పోయిన ఎద్దు, రాత్రి గస్తీకి వచ్చిన బీట్ ఆఫీసరు, ఎవరైనా దానికి ఒకటే. గోదావరి దాటి ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి అప్పుడప్పుడు పులి కూడా మీ అడవుల్లోకి వస్తోంది. పైగా ఇది ఇప్పపువ్వు రాలే కాలం. పువ్వు రాత్రంతా రాలుతుంది, ఎండ ఎక్కకముందే ఏరుకోవాలి. ఇంకా చీకటి ఉండగానే ఆడవాళ్లు, పిల్లలు బుట్టలు పట్టుకుని చెట్ల కిందికి పోతారు. వాళ్లలో అంబలి తాగించిన ఆ అవ్వ కూడా ఉంటుంది కదా? ఇప్పపువ్వు అయిపోగానే తునికాకు మొదలవుతుంది, అప్పుడు ఊరు ఊరంతా అడవిలోనే ఉంటుంది.

కాబట్టి ఈ ఒక్క పని ఇవాళే చేయండి. 1912కు ఫోన్ చేయండి, అది కరెంటు ఫిర్యాదుల నంబరు. మీ ఊరి లైన్‌మన్ తెలిస్తే అతనికీ చెప్పండి. రేంజ్ ఆఫీసరుకు కూడా ఒక మాట: ఫలానా జాగాలో అడవి పక్కగా లైను పోతోంది, అక్కడ కరెంటు తీగలు పెడుతున్నారన్న అనుమానం బలంగా ఉంది, లైను ఆపి ఒకసారి వెతికించండి అని. దీనికి ఎవరి పేరూ చెప్పక్కర్లేదు, ఫొటో చూపించక్కర్లేదు. మీకెలా తెలుసని అడిగితే మాత్రం అబద్ధం చెప్పకండి. కెమెరాలో అనుమానం కలిగించే ఫొటోలు పడ్డాయి, గడువు రోజున డేటాతోపాటు ఇస్తాను, ముందు ప్రాణాల సంగతి చూడండి అనండి. మీరు స్వయంగా వెతకడానికి మాత్రం వెళ్లొద్దు. తీగ కనిపిస్తే ముట్టుకోవద్దు, కరెంటు ఉందో లేదో చూద్దామని కర్రతో కూడా తాకొద్దు. వెతకడం పూర్తయ్యేదాకా ఆ కెమెరా దారిలో మీరూ అన్నా కాలు పెట్టొద్దు.

ఇక మీరు అడిగినదానికి వస్తాను.

ఆ ఫొటోలను ఇంకోసారి, పరిశోధకురాలి కళ్లతో చూడండి. కణుజు ఫొటో ముందుంటే మీరు ఏం రాస్తారు? ఈ జంతువు ఈ తేదీన ఈ సమయానికి ఇటు నుంచి అటు పోయింది, అంతే. ఎందుకు పోయిందో రాయరు. ఇక్కడా అదే పద్ధతి. రాత్రి 3 గంటల 12 నిమిషాలకు ఫలానా మనిషి వైరు, మేకులు పట్టుకుని అభయారణ్యంలో నడిచాడు. ఫొటో చెప్పేది ఇంతే. తీగ కట్టాడా, ఎవరైనా పంపితే మోసుకుపోయాడా, ఇంటి తిండికోసమా, మాంసం అమ్మేవాళ్ల కోసమా, పోడు చేను చుట్టూ పందులకు కట్టడానికా, ఇవేవీ అందులో లేవు. మీ మనసు ఈ పన్నెండు రోజుల్లో వాటన్నిటినీ నింపేసింది. ఒక రోజు అతన్ని దొంగను చేసింది, ఇంకో రోజు పేదవాడని వదిలేసింది. తీర్పు చెప్పే బరువు మీరు ఎత్తుకున్నారు. అది మీ పని కాదమ్మా. ఆ ఫొటో పాడవకుండా, మారకుండా చూడటం వరకే మీ పని.

అందుకే గైడు చెప్పిన దారి నాకు సమ్మతం కాదు. చెరిపేస్తే ఏమవుతుందో చూడండి. కెమెరా ప్రతి ఫొటోకూ వరుస నంబరు వేస్తుంది, మూడు నంబర్లు మాయమైతే రేపు ఎవరు చూసినా కనిపిస్తుంది. మూడు ఫొటోలు తీసేసిన డేటా సెట్ మీద మీ పేరు పెట్టి, ఇది పూర్తి డేటా అని సంతకం చేయాలి. ఈలోగా ఆ తీగకు ఎవరైనా బలైతే, సాక్ష్యం మాయం చేయడం విడిగా ఒక నేరం. ఇంకొకటి గమనించండి. చెరిపేయమన్న మాట ఆయన ఫోన్‌లో అన్నారు, కాగితం మీద అనలేదు. రేపు సమస్య వస్తే ఆ మాటకు మీరు ఒక్కరే జవాబుదారు. ఆయన చెడ్డవారని నేను అనుకోవడం లేదు. విద్యార్థిని చిక్కుల్లో పడకూడదని, పని ఆగకూడదని అన్నారేమో. అయినా ఆయనకు ఇవాళే ఒక మెయిల్ రాయండి. ఫలానా తేదీన కార్డులో మనుషుల ఫొటోలు వచ్చాయి, అనుమతి షరతుల ప్రకారం ఏం చేయాలో మీ సలహా కావాలి అని మర్యాదగా నాలుగు వాక్యాలు. తగువు అక్కర్లేదు, నిష్ఠూరం అక్కర్లేదు. రాతలో అడిగితే చాలామంది జవాబు మారుతుంది. ఆ కార్డును కూడా ఉన్నది ఉన్నట్టు కవర్లో పెట్టి, తేదీ రాసి పక్కన ఉంచండి. పనికి వేరే కార్డు వాడండి.

స్నేహితురాలు చెప్పిన దారి, అంటే మూడు ఫొటోలూ రేపే తీసుకెళ్లి రేంజ్ ఆఫీసులో ఇవ్వడం. చట్టం వైపు నుంచి చూస్తే మీకు ఇదే అన్నిటికంటే భద్రమైన దారి. కానీ దాని వెనక ఎంత బరువుందో తెలుసుకుని ఇవ్వండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అంటే జంతువు చచ్చిపోవడం ఒక్కటే కాదు. ఉచ్చు పెట్టడం, ఆ ప్రయత్నం చేయడం కూడా వేటే. అభయారణ్యంలో వేట రుజువైతే తక్కువలో తక్కువ మూడేళ్లు, ఎక్కువలో ఎక్కువ ఏడేళ్లు జైలు. 2022 సవరణ తర్వాత జరిమానా కూడా 25 వేలకు తగ్గదు. జరిమానా కట్టించి వదిలేస్తారులే అని ఊళ్లల్లో అనుకుంటారు. కనీస శిక్ష రాసిపెట్టి ఉన్న నేరాల్లో అలా రాజీ చేసుకునే వీలు చట్టం ఇవ్వలేదు. అతను వైరు మోసినంత మాత్రాన అది వేట ప్రయత్నం కిందికి వస్తుందా రాదా అన్నది కోర్టులో తేలాల్సిన సంగతి. కానీ తేలేదాకా తిరుగుడు, బెయిలు, వకీలు ఫీజు అన్నీ ఆ ఇంటి మీదే పడతాయి.

మీ పని మీద పడేది కూడా ఉంది. గూడెంలో సంగతి ఒక్క పూటలో తెలిసిపోతుంది. కెమెరాలు పగులుతాయి, లేదా మాయమవుతాయి. మీకు దారి చూపించేవాళ్లు, అడుగుజాడ చూసి పేరు చెప్పేవాళ్లు దొరకరు. దీనికి భయపడి ఫొటోలు దాచమని చెప్పడం లేదు. ఇది జరిగే అవకాశం ఉందని ముందే తెలిస్తే, మిగతా కెమెరాల డేటా ఇప్పుడే హన్మకొండలో ఇంకో కాపీ పెట్టుకుంటారు, రాయగలిగిన చాప్టరు ఇప్పుడే మొదలుపెడతారు, అందుకు చెబుతున్నాను.

"నువ్వూ నేరంలో భాగమే" అన్న మాట మిమ్మల్ని బాగా గుచ్చినట్టుంది, రెండు చోట్ల రాశారు. దాన్ని కొంచెం విప్పి చూద్దాం. అదే చట్టంలో 27వ సెక్షన్ ఉంది. అభయారణ్యంలో నివసించే ప్రతి మనిషికీ కొన్ని బాధ్యతలు పెట్టింది. నేరం జరగకుండా ఆపడం, నేరస్తుణ్ని కనిపెట్టడంలో సాయపడటం, అడవి జంతువు చనిపోతే తెలియజేయడం, నిప్పు ఆర్పడం లాంటివి. మీరు అద్దెకుంటున్న గది అభయారణ్యం హద్దు లోపల ఉందా, బయట ఉందా? మీకు పరిశోధనకు అనుమతి ఇచ్చింది 28వ సెక్షన్ కింద. ఆ పత్రంలో డేటా గురించి రాసిన షరతు మాటకు మాట ఏమిటి? ఫొటోలన్నీ ఇవ్వాలని ఉందా, వన్యప్రాణుల ఫొటోలు ఇవ్వాలని ఉందా, నివేదిక చాలని ఉందా? మీ ఉత్తరంలో ఆ వాక్యం లేదు. ఇన్ని రాత్రులు నిద్రపోకుండా ఆలోచించిన మీరు ఆ కాగితాన్ని ఇంకోసారి తీసి చదివినట్టు నాకు అనిపించలేదు. భయంలో ఉన్నప్పుడు మనమందరం అదే చేస్తాం. ఊహల్లో తిరుగుతాం, బీరువాలో ఉన్న కాగితం తీయం.

ఆ కాగితం తీసుకుని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్లకు అక్కడ ఉచితంగా వకీలు సలహా దొరుకుతుంది. ఈ మాట ఇంకో కారణానికీ చెబుతున్నాను. షెడ్యూల్డు తెగల వాళ్లకూ అక్కడ ఉచిత సహాయం ఉంది. రేపు అన్న తమ్ముడి మీద కేసంటూ అయితే, ఆ కుటుంబం పుస్తెలు తాకట్టు పెట్టక్కర్లేదని వాళ్లకు చెప్పగలిగే మనిషి మీరొక్కరే కావచ్చు. ఫొటో ఇచ్చిన చేత్తోనే ఈ దారి కూడా చూపించవచ్చు. అందులో తప్పేమీ లేదు.

మూడో దారి మీరు రాయలేదు, కానీ ఉత్తరం నిండా అదే ఉంది. అన్నతో మాట్లాడటం. ఈ ఒక్క చోట నేనే తేల్చి చెప్పలేకపోతున్నాను, కాబట్టి రెండు వైపులా మీ ముందు పెడతాను.

ముందే చెబితే ఆయన తమ్ముణ్ని పిలిచి నాలుగు తిట్టి, ఆ రాత్రికే తీగ తీయించవచ్చు. గూడెం పెద్దల్ని పట్టుకుని, తమ్ముడే వైరు తీసుకెళ్లి రేంజ్ ఆఫీసులో అప్పజెప్పేలా చేయవచ్చు. తనంతట తాను వచ్చిన మనిషిని అధికారులు చూసే చూపు వేరేగా ఉండవచ్చు, కానీ కేసు ఉండదని ఎవరూ మాట ఇవ్వలేరు. ఆ ఆశ మీరు ఆయనకు పెట్టకూడదు. ఇంకోవైపు, తమ్ముడు పారిపోతే, ఆధారాలు మాయమైతే, నిందితుడికి ముందే ఉప్పందించింది మీరే అన్న మాట మీ మీదికి వస్తుంది. అన్న మీదికి కూడా వస్తుంది. ఆయన మీ దగ్గర కూలీకి పనిచేసే మనిషి, కార్డులు మార్చిన రిజిస్టరులో ఆయన వేలిముద్రో సంతకమో ఉంటుంది. రెండు వైపులా ఇరుక్కుపోతారు.

అసలు చెప్పకపోతే, ఒక పొద్దున బీట్ ఆఫీసరు వాళ్ల వాకిట్లోకి వచ్చినప్పుడు ఆయనకు తెలుస్తుంది. రెండు వారాలు తనతో మాట్లాడకుండా తలనొప్పి అన్నది ఎందుకో కూడా అప్పుడే తెలుస్తుంది. తమ్ముడి కేసు కంటే ఆ సంగతే ఆయన ఎక్కువ కాలం మోస్తారని నా అనుమానం.

ఈ రెండింటి మధ్య నాకు తోచింది ఒకటుంది. వకీలు వద్దంటే మానేయండి. డేటా ఇచ్చే రోజునే, ఆఫీసుకు బయల్దేరే ముందు, వాళ్లింటికి వెళ్లండి. అన్నకు, అవ్వకు మీ నోటితో చెప్పండి. కెమెరాలో ఇది పడింది, నేను దాచలేను, ఇవాళ ఇస్తున్నాను, వకీలు ఖర్చు లేకుండా సాయం ఇక్కడ దొరుకుతుంది అని. క్షమించమని అడక్కండి, అడిగితే వాళ్లను ఇబ్బందిలో పెట్టినట్టవుతుంది. బేరం పెట్టకండి. వాళ్లు అరిస్తే వినండి. అవ్వ ముఖం తిప్పుకుంటే ఊరుకోండి. ఒంటరిగా కాకుండా, మీరు నమ్మే మనిషిని, వీలైతే ఆ గూడెం వాళ్లు గౌరవించే టీచరమ్మనో ఆశా కార్యకర్తనో వెంట తీసుకెళ్లండి. మీ భద్రత కూడా ముఖ్యం.

ఇంకో సంగతి నొప్పి కలిగించినా చెప్పాలి. ఇరవై నాలుగు కెమెరాలు పెట్టేముందు, వాటిలో మనుషులు పడితే ఆ ఫొటోలను ఏం చేస్తారో గూడెంలో కూర్చుని ఎవరికైనా చెప్పారా? ఉత్తరంలో ఆ ప్రస్తావన లేదు కాబట్టి చెప్పలేదనే అనుకుంటున్నాను. మీరొక్కరే కాదు, మన దేశంలో చాలా చోట్ల ఇదే జరుగుతోంది. ఉత్తరాఖండ్‌లోని కార్బెట్ పులుల అడవి దగ్గర కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం పరిశోధకుడు ఒకరు చేసిన అధ్యయనం 2024లో వెలువడింది. అడవిలో బహిర్భూమికి వెళ్లిన ఒక ఆడమనిషి ఫొటో జంతువుల కోసం పెట్టిన కెమెరాలో పడి, ఫోన్లలో ఊరంతా తిరిగింది. కోపంతో ఊరివాళ్లు కెమెరాలు పగలగొట్టారు. కట్టెలకు పోయే ఆడవాళ్లు జంతువులు దగ్గరికి రాకుండా గట్టిగా పాడుకుంటూ, మాట్లాడుకుంటూ పోయేవారు. కెమెరాలు వచ్చాక ఎవరు వింటున్నారో, చూస్తున్నారో అని గొంతు తగ్గించుకున్నారు. అలా నిశ్శబ్దంగా నడిస్తే ఎలుగుకో పులికో ఎదురుపడే ప్రమాదం పెరుగుతుంది. కెమెరా కొంచెం వేడి కదిలినా క్లిక్కుమంటుంది, అది మనిషి వేడా జంతువు వేడా అని చూడదు. ఆ అడవిలో పేడ, పువ్వు, కట్టె, తేనె కోసం తిరిగేవాళ్లందరి ఫొటోలూ మీ హార్డ్‌డిస్కులో ఉన్నాయి. వాటిని ఎవరు చూస్తారో వాళ్లకు తెలియదు.

అందుకే గడువు రోజున ఇచ్చేటప్పుడు ఆ మూడు ఫొటోలనూ, వాటితోపాటు అడవిలో ఇప్పపువ్వు ఏరుకునే ఆడవాళ్ల ఫొటోలనూ ఒకే కట్టగా ఇచ్చేయకండి. షరతు ఏం కోరుతోందో అంతే ఇవ్వండి. నేరానికి సంబంధం లేని మనుషుల ముఖాలు మసక చేసి ఇవ్వవచ్చా అని రాతలో అడగండి. ఇచ్చిన ప్రతిదానికీ రసీదు తీసుకోండి. రాబోయే సీజనుకు గూడెంలో అందరినీ కూర్చోబెట్టి, ఏ దారుల్లో కెమెరాలున్నాయో, మనుషుల ఫొటోలు ఏమవుతాయో, నేరం కనిపిస్తే దాచలేనని, ముందే చెప్పండి. తెలుగులో ఒకసారి, కోయ భాషలో ఇంకోసారి. ప్రతి కెమెరా చెట్టుకు బోర్డు కట్టండి. బోర్డు చూసి వేటగాళ్లు దారి మారుస్తారేమో, డేటా కొంత పోతుందేమో. పోనివ్వండి.

నాన్నగారి విషయం ఎక్కువ చెప్పను. సగం విన్న మనిషి సగం సలహా ఇచ్చారు. మొత్తం చెప్పండి, ముఖ్యంగా తీగ సంగతి, మీరు అడవికి వెళ్లడం ఆపిన సంగతి. పెళ్లి సంబంధాల మాట ఆయన భయం నుంచి వచ్చింది, దాన్ని ఇప్పుడే తేల్చాల్సిన పని లేదు. నాలుగేళ్లు వృథా అవుతాయన్న మీ భయానికి మాత్రం లెక్క చెబుతాను. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి ఆరేళ్ల వరకు గడువుంది, తిరిగి రిజిస్టరు చేసుకుంటే మరో రెండేళ్లు, ఆడవాళ్లకు ఆ పైన ఇంకో రెండేళ్లు వీలుంది. ఫెలోషిప్ డబ్బులు మాత్రం ఐదేళ్లకే ఆగిపోతాయి. అంటే ఒక సీజను అడవికి దూరంగా ఉన్నా డిగ్రీ పోదు, చేతిలో డబ్బు ఇబ్బంది వస్తుంది. ఆ ఒక్క ఏడాదికి ఖర్చు ఎలా అని నాన్నతో మాట్లాడండి. సంబంధాల కంటే ఆ సంభాషణే మీ ఇద్దరికీ ఇప్పుడు అవసరం. కెమెరాలు పెట్టడం ఈ అడవిలో ఇక కుదరకపోతే, ఇప్పటిదాకా వచ్చిన డేటాతోనే ప్రశ్నను చిన్నది చేసుకుని రాసే మార్గం గైడును అడగండి.

ఆ మెయిల్‌కు గైడు ఏమని జవాబిచ్చారో, అనుమతి పత్రంలో ఆ షరతు ఏ మాటల్లో ఉందో, వీలైతే నాకు రాయండి. దాన్ని బట్టి ఇంకో నాలుగు మాటలు చెప్పగలను.

రేపు పొద్దున అన్న వచ్చి పిలిస్తే తలనొప్పి అనకండి. బయటికి రండి. అడవిలో ఎక్కడో కరెంటు తీగ ఉందన్న అనుమానం ఉంది, కరెంటు వాళ్లకు చెప్పాను, వాళ్లు చూసేదాకా మనం పోవద్దు అనండి. అవ్వను చీకట్లో పువ్వుకు పోవద్దనండి, తెల్లగా తెల్లవారాక నలుగురితో కలిసి పొమ్మనండి. ఆ మాట విని తమ్ముడు రాత్రికి రాత్రి తీగ తీసేస్తే తీసేయనివ్వండి.